జంతువులు కనపడలేదా? మంచిదే

అమెరికాలో డిసెంబరు మొదలవగానే జూ లైట్స్ మీద, అంటే చలికాలం రాత్రుళ్ళు జూ నిండా రంగుల దీపాలు పెట్టి టికెట్టుకి చూపించే వేడుకల మీద, వచ్చే రివ్యూలు వరసగా చదివితే ఊరు మారినా మారని ఫిర్యాదు ఒకటి కనిపిస్తుంది. టికెట్లకీ పార్కింగుకీ అంత పోశాం, చలిలో రెండు గంటలు తిరిగాం, ఒక్క జంతువూ కనపడలేదు అని. పిల్లలకి ఏనుగుని చూపిస్తామని తీసుకెళ్తే అక్కడున్నది ఇనప చువ్వలకి బల్బులు చుట్టిన ఏనుగు అని. రేటింగులో ఒక్క చుక్క (స్టార్) ఇచ్చి, జూ వాళ్ళు మోసం చేశారని తేల్చేసేవాళ్ళూ ఉన్నారు.

నా లెక్కలో ఐదు చుక్కలు ఇవ్వాల్సింది సరిగ్గా ఆ కారణానికే. లక్షల బల్బులు, స్పీకర్లు, సెలవులిచ్చిన ఊపులో ఉన్న పిల్లలు, వీటన్నిటి మధ్య సింహం కూడా ఎదురుగా కూర్చుని కనిపిస్తే సంతోషించాల్సిన పని లేదు, అనుమానించాలి. ఆ రాత్రి అడగాల్సింది ఎన్ని జంతువులు కనిపిస్తాయని కాదు. అవి ఎక్కడున్నాయి, ఈ గోలకి ఎంత దూరంలో ఉన్నాయి అని.

హైదరాబాదు వాళ్ళకి ఇది ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నాంపల్లి నుమాయిష్ అసలు పేరు అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన. అక్కడికి వెళ్ళొచ్చి పరిశ్రమలేవీ కనపడలేదని అలిగినవాడు ఎవడూ లేడు. తిరగడానికి వెళ్తాం, తినడానికి వెళ్తాం, రంగులరాట్నం ఎక్కడానికి వెళ్తాం. జూ లైట్స్‌కీ అలాగే వెళ్ళాలి. పగలు బహదూర్‌పురా జూకి వెళ్ళినట్టు వెళ్తే నిరాశ తప్పదు.

తలుపు వెనక సాయంత్రం

సిన్సినాటి జూనే తీసుకుందాం. 1875లో తెరిచిన జూ అది. 'ఫెస్టివల్ ఆఫ్ లైట్స్' అక్కడ 1982 నుంచి జరుగుతోంది. ఇప్పుడు దేశమంతా పాకిన ఈ వేడుకల్లో పాతవాటిలో ఒకటి. డిసెంబరు మూడో వారంలో ఆ ఊళ్ళో 5:18 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. షికాగోలో అయితే 4:22కే. మనం ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలకి ఇంత తినిపించి, జాకెట్లు తొడిగి ఏడింటికి గేటు దగ్గర నిలబడతాం. జంతువులకి అప్పటికి రాత్రి మొదలై చాలాసేపయింది.

మనం చూసే ఎన్‌క్లోజర్ జంతువుకి ముందు గది లాంటిది. దాని వెనక నైట్ హౌస్, అంటే రాత్రి పడుకునే గది, ఉంటుంది. మన జూల్లోనూ అంతే. కీపర్ ముందు దాన్ని కడిగి ఆరబెడతాడు, గడ్డి పరుస్తాడు, సాయంత్రం మేత లోపల పెడతాడు. ఆ తర్వాతే పైకి లేచే ఇనప తలుపు తీస్తాడు. తోలాల్సిన పని ఉండదు, తిండి ఎక్కడుందో దానికి తెలుసు. లోపలికి వచ్చాక తలుపు దించి, తాళం వేసి, లాగి చూసి, తలలు లెక్కపెడతారు. పులులూ ఎలుగుబంట్లూ ఉన్నచోట ఒకరు వేసిన తాళాన్ని ఇంకొకరు మళ్ళీ చూస్తారు.

పని చెడేది చాలావరకు ఆ తలుపు దగ్గరే. గుంపులో ఒక కోతి లోపలి తిండికంటే బయటి సందడి బాగుందనుకుంటే అక్కడే మొండికేస్తుంది. అది వచ్చేదాకా తక్కిన గుంపుకీ తలుపు వెయ్యడం కుదరదు. బయట జనం కేకలు వేస్తూ, కొత్త వెలుగులు తిరుగుతూ ఉంటే ఇలా మొండికేసేవి పెరుగుతాయి. అందుకే లైట్లు వెయ్యకముందే ఈ పని ముగించాలి. కొన్ని జూలు పగటి సందర్శకుల్ని నాలుగింటికో ఐదింటికో బయటికి పంపేసి, మధ్యలో కొంతసేపు గేట్లు మూసి, మళ్ళీ తెరుస్తాయి. బయట క్యూలో చలికి వణుకుతూ తిట్టుకుంటాం గానీ, ఆ మధ్యలో జరిగేది ఇదే.

పైగా చలికాలం. జిరాఫీకి చలికన్నా గడ్డకట్టిన నేలతో ప్రమాదం ఎక్కువ. కాలు జారి కాళ్ళు పక్కలకి విడిపోతే అంత బరువుని మళ్ళీ లేపడం దాదాపు కుదరని పని. ఏనుగు చెవుల అంచులు, తోక కొస చలికి దెబ్బతింటాయి. ఇవి డిసెంబరులో చాలా పగళ్ళు కూడా లోపలే గడుపుతాయి, ఇక రాత్రి సంగతి అడగక్కర్లేదు. మంచు చిరుత, సైబీరియా పులి, రెడ్ పాండా లాంటివాటికి మాత్రం ఆ చలి ఒక లెక్క కాదు. కొన్నిచోట్ల వాటికి లోపలికీ బయటికీ తలుపు తెరిచే ఉంచుతారు. రాత్రి ఎనిమిదింటికి బండమీద మంచు చిరుత కనిపించిందంటే, అది తనకిష్టమై వచ్చి కూర్చున్నట్టు. వెనక్కి పోవడానికి దానికి తలుపు ఉంది. ఫ్లాష్ వెయ్యకుండా చూసి పక్కకి జరగండి.

ఇంకో ఆశ కూడా ఉంటుంది. రాత్రి తిరిగే జంతువుల ఇల్లయినా తెరిచి ఉంటుంది కదా, గబ్బిలాలూ గుడ్లగూబలూ హుషారుగా ఉంటాయి కదా అని. లెక్క తిరగబడేది ఇక్కడే. ఆ ఇళ్ళలో పగటిని రాత్రి చేస్తారు. మనం పగలు వెళ్ళినప్పుడు లోపల చీకటి, మనం వెళ్ళిపోయాక లైట్లు. హైదరాబాదు జూలో నాక్టర్నల్ హౌస్ నడిచేదీ ఈ పద్ధతిలోనే. దేవాంగపిల్లి మధ్యాహ్నం పన్నెండింటికి కొమ్మ మీద తిరుగుతూ కనపడుతుందంటే కారణం అదే. కాబట్టి రాత్రి ఎనిమిదింటికి అలాంటి ఇంట్లోకి వెళ్తే దీపాలు వెలుగుతూ, గబ్బిలాలు నిద్రపోతూ ఉంటాయి. ఆ రాత్రి నిజంగా చూడదగ్గవి చేపలు, పాములు, పురుగులు. ఎప్పుడూ గదిలోనే, టైమర్ మీద వెలిగే దీపాల కిందే ఉండేవి కాబట్టి బయట పండగైనా పబ్బమైనా వాటికి తేడా లేదు. చలికి చేతులు కొంకర్లు పోయినప్పుడు అక్వేరియంలో ఓ పావుగంట నిలబడటం మనకీ మంచిదే.

మరి సింగపూర్‌లో చూపిస్తున్నారు కదా

చూపిస్తున్నారు. 1994లో తెరిచిన నైట్ సఫారీ రాత్రి జంతువుల్ని చూపించడం కోసమే కట్టింది. దారులు, కందకాలు, చెట్లు, ట్రామ్ తిరిగే మలుపులు అన్నీ ఆ ఒక్క పనికోసం వేసినవి. రంగస్థలం లైటింగ్ నుంచి వచ్చిన సైమన్ కార్డర్ అక్కడి వెలుగుని వెన్నెల స్థాయికి దగ్గరగా రూపొందించాడు. పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో (వెలుగుని కొలిచే కొలత అది) మూడో వంతు కూడా ఉండదు. మన వీధి దీపం కింద నేలమీద పడే వెలుగు దానికి ఎన్నో రెట్లు.

నా వాదనకి ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. రాత్రి జంతువుని చూడాలంటే మనిషి చీకట్లోకి దిగాలి. రాత్రి లైట్లు చూడాలంటే జంతువు తప్పుకోవాలి. రెండూ ఒకే టికెట్టు మీద కావాలంటే రెండూ చెడతాయి. పోస్టరు మీద అటు లైట్ల సొరంగం, ఇటు పులి బొమ్మ వేసి రెండూ చూడొచ్చన్నట్టు అమ్మే జూల తప్పు మాత్రం నేను వెనకేసుకురాను. ఒక చుక్క రివ్యూలకి సగం కారణం ఆ పోస్టర్లే. జంతువులు విశ్రాంతిలో ఉంటాయని టికెట్టు పేజీలోనే పెద్దక్షరాల్లో రాస్తే ఈ గొడవ సగానికి తగ్గుతుంది.

పొద్దుపోయే వేళ

శాన్ ఫ్రాన్సిస్కో జూలో 2007 డిసెంబరు 25న జరిగినదానికీ లైట్ల పండగకీ సంబంధం లేదు. అయినా సాయంత్రం జూ అనే మాట వస్తే దాన్ని వదిలి మాట్లాడటం కష్టం. క్రిస్మస్ రోజు, ఐదింటికి మూసే వేళ, ఇంకా కొందరు లోపలే ఉన్నారు. టటియానా అనే సైబీరియా పులి గోడ దాటి బయటికి వచ్చి ఒక కుర్రాణ్ణి చంపింది, మరో ఇద్దర్ని గాయపరిచింది. పోలీసులు దాన్ని కాల్చి చంపారు. గోడ 18 అడుగులని మొదట చెప్పారు. కొలిస్తే పన్నెండున్నర అడుగులు తేలింది. అక్కడి జూల సంఘం సూచించిన ఎత్తు 16.4 అడుగులు.

గోడ సంగతి ఇంజనీర్లు చూసుకున్నారు, తర్వాత పెంచారు. నేను ఎత్తి చూపేది గడియారాన్ని. పొద్దుపోయే వేళ పిల్లిజాతికి చురుకు పెరుగుతుంది. సిబ్బంది ఇళ్ళకి బయల్దేరే వేళ కూడా అదే, పైగా పండగ రోజు. ఉన్న నలుగురికీ చీకట్లో ఎవరు ఎక్కడున్నారో కనపడదు. అలాంటి వేళలో పులి ఉన్న ఆవరణ ముందు వేలమందిని నడిపిస్తూ, పులి కూడా బయట ఉండాలని కోరుకోవడం ఎంత మొండి కోరికో ఆలోచించండి. పులి నైట్ హౌస్‌లో, రెండు తాళాల వెనక ఉండటం మన భద్రతకి కూడా అవసరం.

బల్బుల లెక్క

ఇక ఆ వెలుగు సంగతి. పాతకాలపు చిన్న బల్బుల తీగ, 100 బల్బులది, దాదాపు 40 వాట్లు తాగుతుంది. అదే ఎల్‌ఈడీ అయితే ఏడు వాట్లలోపే. పది లక్షల బల్బులు పాతవైతే 400 కిలోవాట్లు, ఎల్‌ఈడీ అయితే 70. రాత్రికి ఐదు గంటలు వెలిగిస్తే 2,000 యూనిట్లకీ 350 యూనిట్లకీ ఉన్న తేడా. ఒక తీగ చివర ఇంకోటి తగిలిస్తూ పోతే సన్న వైరు సుమారు 210 వాట్ల దాకానే మోస్తుంది. పాత తీగలు ఐదు కలిపేసరికి హద్దు దగ్గరపడుతుంది, ఎల్‌ఈడీ తీగలు 30 కలిపినా పరవాలేదు. కొమ్మకొమ్మకీ లైట్లు అల్లడం ఎల్‌ఈడీ వచ్చాక తేలికైంది అందుకే.

అయినా శ్రమ తగ్గలేదు. అడుగు వ్యాసం ఉన్న మొదలు, పది అడుగుల ఎత్తు దాకా, చుట్టుకీ చుట్టుకీ మూడంగుళాల ఎడంతో చుట్టాలంటే 40 చుట్లు. చుట్టుకి మూడడుగుల పైచిలుకు, మొత్తం 125 అడుగుల తీగ. ఆరంగుళాలకో బల్బు ఉన్న 25 అడుగుల తీగలు ఐదు పడతాయి, 250 బల్బులు. ఇంకా ఒక్క కొమ్మ కూడా ముట్టుకోలేదు. పది లక్షలు కావాలంటే ఇలాంటి మొదళ్ళు నాలుగు వేలు. ఎండాకాలం పోకముందే నిచ్చెనలెక్కి తీగలు చుట్టడం మొదలుపెట్టకపోతే నవంబరుకి తెమలదు. జనవరిలో విప్పకుండా వచ్చే ఏడాదికి పనికొస్తాయిలే అని వదిలేస్తే చెట్టు లావెక్కి తీగ బెరడులోకి దిగిపోతుంది.

వానపడ్డ రాత్రి ఒక మూల మొత్తం చీకటిగా ఉంటే వాళ్ళు బద్ధకించారని అనుకోకండి. ఆరుబయట సాకెట్లకి జీఎఫ్‌సీఐ రక్షణ ఉంటుంది. ఐదు మిల్లీయాంపుల కరెంటు దారి తప్పినా అది ఆపేస్తుంది. తడిసిన ఒక్క ప్లగ్గు నుంచి కారేది కొంచెమే, కానీ ఇరవై ప్లగ్గులు కొంచెం కొంచెం కారిస్తే అన్నీ కలిసి ఆ ఐదు దాటేస్తాయి. ప్లగ్గుల జంటని నేలకి ఎత్తుగా కట్టి, నీళ్ళు వైరు వెంట ప్లగ్గులోకి పోకుండా కింద వేలాడే వంపు ఒకటి వదలాలి. మన ఇంటి ముందు లైట్లకీ ఇదే వైద్యం.

జంతువుల వైపు నుంచి చూస్తే ఎల్‌ఈడీ కథ కరెంటు బిల్లుతో అయిపోదు. రెండు విషయాలున్నాయి. ఒకటి రంగు. మెదడుకి ఇది పగలని చెప్పి, రాత్రైందని ఒంటికి తెలిపే మెలటోనిన్ హార్మోనుని అణిచేసేది ఎక్కువగా నీలం వెలుగు. నీలి తెలుపు దీపాల అడవికంటే పసుపు తెలుపు, నారింజ, ఎరుపు దీపాలు నయం. క్రిస్మస్‌కి అవీ అందంగానే ఉంటాయి. రెండోది మిణుకు, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చవక ఎల్‌ఈడీ తీగలు సెకనుకి 60 సార్లు ఆరి వెలుగుతాయి. మన కంటికి ఆగకుండా వెలుగుతున్నట్టే ఉంటుంది, చెయ్యి గబగబా ఆడిస్తేనో కళ్ళు పక్కకి తిప్పితేనో చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. కొన్ని చిన్న పక్షుల కన్ను సెకనుకి 130 మార్పుల్ని కూడా విడివిడిగా పట్టగలదు. మనకి దీపాల తోరణం, ఆ పక్షికి రాత్రంతా కొట్టుకునే ట్యూబులైటు. కరెంటుని సరిచేసి, హెచ్చుతగ్గుల్లేకుండా నిలకడగా ఇచ్చే తీగలు కొంటే ఈ బాధ లేదు. ఖరీదు కొంచెం ఎక్కువ.

పరీక్షించడం తేలిక. ఫోనులో స్లో మోషన్ పెట్టి, సెకనుకి 240 ఫ్రేముల్లో ఒక చెట్టుని ఐదు సెకన్లు తీసి చూడండి. ఆరి వెలుగుతూ కనిపిస్తే చవక తీగ. అది టికెట్ కౌంటరు దగ్గర చెట్టయితే వదిలెయ్యొచ్చు. పక్షుల పంజరం పక్కన చెట్టయితే మాత్రం జూ వాళ్ళకి ఒక ముక్క రాయండి, ఒక చుక్క ఇవ్వాల్సిన సందర్భం అది.

చప్పుడు, నిప్పు

నాకు వెలుగుకంటే చప్పుడు మీదే ఎక్కువ అనుమానం. తెర కట్టి వెలుగుని ఆపొచ్చు. స్పీకర్ల నుంచి వచ్చే దమ్ దమ్ గోడల్లోంచి కూడా పోతుంది. ఏనుగులు మనకి వినపడని, 20 హెర్ట్జ్ కిందున్న ధ్వనులతో మాట్లాడుకుంటాయి. అవి ఉండే కొట్టానికి దగ్గర్లో బేస్ పెంచి పాటలు వెయ్యడం వాటి ఇంటి గోడకి ఆనించి డప్పు కొట్టడమే. వేదిక ఎక్కడ పెట్టారన్నది చూస్తే చాలు, ఆ జూకి ఈ సంగతి తెలుసో లేదో తెలిసిపోతుంది. ఏనుగుల కొట్టం దగ్గరా, కొలను గట్టునా?

నిప్పు దగ్గర మాత్రం సందేహానికి తావు లేదు. జర్మనీలోని క్రెఫెల్డ్ జూలో 2020 జనవరి 1 తొలి గంటల్లో కోతుల ఇల్లు తగలబడి 30కి పైగా జంతువులు చనిపోయాయి. గొరిల్లాలు, ఒరాంగుటాన్లు, చింపాంజీలు ఉన్న ఇల్లది. రెండు చింపాంజీలు బతికాయి. కారణం జూ కాదు, ఊళ్ళో ఎవరో సరదాకి గాల్లోకి వదిలిన ఆకాశ దీపాలు (మంటతో ఎగిరే కాగితపు లాంతర్లు). ఆ రాష్ట్రంలో వాటిమీద 2009 నుంచే నిషేధం ఉంది. లండన్ జూలో 2017 డిసెంబరు 23 తెల్లవారుజామున కెఫే వైపు రేగిన మంటల్లో చీమలూ చెదలూ తినే ఆర్డ్‌వార్క్ ఒకటి, ముంగిస జాతి మీర్‌కాట్లు నాలుగు పోయాయి. ఎడిన్‌బరోలో 2024 నవంబరులో మూడు నెలల రెడ్ పాండా పిల్ల చనిపోతే, బాణసంచా చప్పుళ్ళకి బెదిరి ఉండొచ్చని జూ వాళ్ళే చెప్పారు. బాణసంచా కాల్చిందీ జూ కాదు, చుట్టుపక్కల జనం.

ఈ మూడింటిలో ఒక్కటీ పండగ బల్బుల వల్ల జరిగిందని తేలలేదు. అందుకే బల్బుల్ని మాత్రమే తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించలేను. బల్బు చెప్పిన టైముకి ఆరిపోతుంది, టపాకాయ అలా కాదు. కొత్త సంవత్సరం రాత్రి బాణసంచా పెడతామనే జూ ఉంటే, నేనైతే ఆ ఏడాదంతా దాని గేటు తొక్కను.

సోమవారం సెలవు

నా వాదనలో నన్నే ఇబ్బంది పెట్టే చోటు ఇది. మన దేశంలో జూలకి వారంలో ఒక రోజు సందర్శకుల్ని రానివ్వకూడదని నిబంధన ఉంది. హైదరాబాదులో అది సోమవారం. కిటికీలో మొహాలు లేని రోజు, అరుపులు లేని రోజు ఒకటి జంతువుకి దక్కుతుంది. అమెరికాలో అలాంటి నియమం లేదు. చాలాచోట్ల క్రిస్మస్ రోజుతో కలిపి ఏడాదిలో మూసే రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. దానికి తోడు నవంబరు మధ్య నుంచి జనవరి దాకా రాత్రుళ్ళు కూడా. తలుపు వెనకే ఉన్నాయి కదా అంటాం గానీ, తలుపు వెనక ఉన్నా మనుషుల వాసన వస్తుంది, అడుగుల చప్పుడు వస్తుంది. మన జూల పంజరాలు చూసి ముక్కు విరిచే మనవాళ్ళు ఈ ఒక్క విషయంలో మన నిబంధనే మేలని ఒప్పుకోవాలి.

అటువైపు మాట కూడా ఉంది. చలికాలంలో జూకి జనం రారు, ఏనుగు మాత్రం తినడం మానదు. కొట్టాలు వేడిగా ఉంచే ఖర్చు ఆ నెలల్లోనే పెరుగుతుంది. షికాగో లింకన్ పార్క్ జూ పగలు ఏడాది పొడుగునా ఉచితం. లైట్ల రాత్రులకి మాత్రం, కొన్ని ఉచిత రోజులు పక్కన పెడితే, టికెట్టు. ఉచితమైన జూలో డబ్బులేంటని కొందరు చిరాకుపడతారు. ఆ డబ్బుతోనే కదా తక్కిన రోజుల గేటు తెరిచి ఉండేది. అందుకే నేను వద్దనను. వారానికి రెండు రాత్రులు చీకటిగా వదిలెయ్యమంటాను. సోమ, మంగళవారాల్లో ఎలాగూ జనం పలచన. రాబడి పెద్దగా పోదు.

వెళ్ళేవాళ్ళకి

దీపాలు అన్నిటికంటే అందంగా ఉండేది నల్లటి చీకట్లో కాదు, పొద్దుగూకిన ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా, ఆకాశం ఇంకా ముదురు నీలంగా ఉన్నప్పుడు. ఫోటోలన్నీ ఆ పది నిమిషాల్లో తీసుకోవాలి. ఫోనులో దీపం మీద వేలు నొక్కి వెలుగు తగ్గించండి. పిల్లల్ని లైట్ల వైపు వీపు పెట్టి కాకుండా, ఒక పసుపు లైటు మొహం మీద పడేలా నిలబెట్టండి. నైట్ మోడ్ ఒకటి రెండు సెకన్లు పడుతుంది. మూడేళ్ళ పిల్ల రెండు సెకన్లు కదలకుండా నిలబడదు కాబట్టి అది ఆపేసి తీయడమే నయం. చలికి బ్యాటరీ చప్పున పడిపోతుంది, ఫోను లోపలి జేబులో పెట్టుకోండి.

డిసెంబరు రెండో వారం నుంచి 23 దాకా శనివారాలు వద్దు. సోమ నుంచి గురువారం దాకా, మొదటి టైముకి వెళ్ళండి. జనవరి మొదటి రోజుల దాకా నడిపే చోట, కొత్త సంవత్సరం తర్వాత అవే లైట్లు, సగం జనం. జూ మెంబర్‌షిప్ ఉంది కదా అని వేరే ఊరి జూకి వెళ్తే పగటి రాయితీ చాలాచోట్ల రాత్రి వేడుకకి చెల్లదు, ముందే చూసుకోండి. సిన్సినాటిలో వైన్ స్ట్రీట్ పార్కింగ్ మీద 2011లో వేసిన సోలార్ పలకల కప్పుంది, 6,400 పలకలు. లైట్లు వెలిగే వేళకి వాటి నుంచి వచ్చేది ఏమీ లేకపోయినా, కారు అద్దం మీద మంచు గోక్కునే పని తప్పుతుంది.

చలి ముందు కాళ్ళని పట్టుకుంటుంది. నూలు సాక్సు చెమటకి తడిసి ఇంకా చల్లబడుతుంది, ఉన్ని సాక్సు ఒక జత చాలు. రెండు జతలు బిగించి తొడిగితే రక్తం ఆడక చలి ఎక్కువవుతుంది. నడిచేవాళ్ళకంటే స్ట్రోలర్‌లో కూర్చున్న బిడ్డకి ఒక పొర ఎక్కువ కావాలి. అయితే కారు సీటులో మాత్రం ఆ లావుపాటి కోటు విప్పెయ్యాలి. కోటు మీద బెల్టు బిగించినట్టే ఉంటుంది గానీ గుద్దుకున్నప్పుడు కోటు నలిగి బెల్టు వదులైపోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే చీర కింద థర్మల్ పైజామా, చెప్పులకి బదులు బూట్లు. సిన్సినాటి జూ ఎత్తుపల్లాల నేల, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని మొత్తం తిప్పకండి. కొలను గట్టున కూర్చోబెట్టి, లైట్ షో రెండుసార్లు చూడనివ్వండి.

మంట దగ్గర మార్ష్‌మాలో కాల్చి, చాక్లెట్‌తో కలిపి బిస్కెట్ల మధ్య పెట్టుకుని తినే స్మోర్స్ మన శాకాహారులకి చిక్కు. మార్ష్‌మాలోలో ఉండే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసింది. వీగన్ అని రాసి ఉన్న పొట్లం ఒకటి సంచిలో వేసుకుంటే పిల్లలు ఏడవరు. అవి మామూలువాటిలా మెల్లగా ఎర్రబడకుండా తొందరగా మాడొచ్చు. పుల్లని మంటలో కాకుండా నిప్పుల పైన తిప్పమని చెప్పండి.

ఇవన్నీ అయ్యాక జంతువుల్ని చూడాలనే ఉంటే జనవరిలో ఒక ఎండ కాసే మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళండి. బెర్లిన్‌లో అయితే ఆ నెల మొదటి రోజుల్లో అమ్ముడుపోని క్రిస్మస్ చెట్లు లారీల్లో జూకి వస్తాయి. ఏనుగులు వాటిని కాలికింద తొక్కిపెట్టి, తొండంతో కొమ్మలు విరుచుకుని తింటాయి. దుకాణం నుంచి నేరుగా వచ్చిన చెట్లనే తీసుకుంటారు, ఇళ్ళలో అలంకరించినవి ఎంత పచ్చగా ఉన్నా గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. సూదాకుల మధ్య తళుకు తీగ ముక్కో, బొమ్మ వేలాడదీసిన చిన్న కొక్కెమో చిక్కుకుని ఉండొచ్చు. తొండం దాన్ని వేరుచేసి పక్కన పెట్టదు.